ఫోన్ల కొట్టు ముందు ఆగిన కారు

మా అమ్మాయిని ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో దింపి వచ్చిన నెలలోనే నేను దోహా విమానం ఎక్కాను. తొంభై ఎనిమిది చివరి రోజులవి. చేతిలో విజిట్ వీసా ఉంది. తెనాలిలో అడిగిన వాళ్ళందరికీ "ఊరికే, ఆయన్ని చూసొద్దామని" అని చెప్పాను. అది పచ్చి అబద్ధం. నేను వెళ్ళింది ఉండిపోవడానికి. ఆ సంగతి మావారికి కూడా చెప్పలేదు. ఆ మాట ఆయన నోటినుంచే రావాలని నా పంతం. అడగందే అమ్మయినా పెట్టదంటారు, నిజమే. కానీ కొన్ని అడిగి పెట్టించుకునేవి కావు. మొగుడు ఉండమంటే ఉండాలి గానీ, నేనుంటాను మొర్రో అని పెళ్ళాం దేబిరించడమేమిటి?

ఇంతకీ నాకు అది కొత్త ఊరేం కాదు. ఎనభై నాలుగు నుంచి ఆరేళ్ళు మెసయీద్‌లో కాపురం చేశాను. అప్పట్లో దాన్ని అందరూ ఉమ్ సయీద్ అనేవాళ్ళు. దోహాకి దక్షిణంగా, సముద్రం పక్కన ఫ్యాక్టరీల ఊరు. ఈయన ఎరువుల ప్లాంటులో ఇంజనీరు. కంపెనీ ఇల్లు ఇచ్చింది. తొంభైలో వేసవి సెలవులకి నేనూ పాపా తెనాలి వచ్చాం, మేమిక్కడ ఉండగానే అక్కడ కువైట్ గొడవ మొదలైంది. "కాస్త తగ్గాక వద్దురుగాని" అని ఈయన ఫోన్ చేశారు. తగ్గింది. ఈలోపు పాప ఇక్కడి స్కూల్లో చేరిపోయింది. ఈ ఏడాది కానీ అనుకున్నాం. తర్వాత పదో తరగతి వచ్చింది, ఆ తర్వాత ఇంటర్. అలా ఆ మాటా ఈ మాటా చెప్పుకుంటూ ఎనిమిదేళ్ళు గడిపేశాం. ఫ్యామిలీ లేనివాడికి ఫ్యామిలీ ఇల్లెందుకని కంపెనీ మా ఇల్లు తీసేసుకుని ఈయన్ని బ్యాచిలర్ బ్లాకులో ఒక గదిలో పడేసింది.

ఏడాదికోసారి సెలవు మీద వచ్చేవారు. వచ్చినన్నాళ్ళూ ఆయన మా ఇంట్లో చుట్టమే. తువ్వాలు ఎక్కడుందో అడిగేవారు, మంచినీళ్ళు అడిగి తాగేవారు, వెళ్ళేటప్పుడు పాప తల నిమిరి "అమ్మ మాట విను" అని మేనమామలా చెప్పి వెళ్ళేవారు. ఇద్దరం ఒకరినొకరు ఎంత మర్యాదగా చూసుకునేవాళ్ళమో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

సరే, దోహాలో దిగాను. ఈయన ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడ్డారు. "ప్రయాణం బాగా జరిగిందా?" అన్నారు. "ఆఁ, బాగా జరిగిందండీ" అన్నాను. ఎనిమిదేళ్ళ తర్వాత ఆ దేశంలో మొగుడూ పెళ్ళాల మధ్య మొదటి మాటలవి.

కారులో నేను నోరు తెరుచుకుని కూర్చున్నాను. పూర్వం దోహా నుంచి ఉమ్ సయీద్‌కి ఒంటి రోడ్డు, దాని మీద ఒంటెలు అడ్డం వచ్చేవి. పొద్దుగూకితే కారు దీపాలు తప్ప మరో వెలుతురుండేది కాదు. ఇప్పుడు రెండు వైపులా వెడల్పాటి రోడ్లు, మధ్యలో పూలమొక్కలు, బారులు తీరిన స్తంభాలు. ఇసుకలో పూలమొక్కలేమిటండీ అన్నాను. "నీళ్ళ పైపులు వేశారు" అన్నారు ఈయన, ఆ పైపులు తనే స్వయంగా వేసినంత గర్వంగా.

దిగింది మాత్రం మా ఇంట్లో కాదు. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి తెలుసు, "లీవ్ ఇల్లు" అని ఒక పద్ధతి ఉంటుంది. ఫ్యామిలీ ఉన్నవాడు సెలవు మీద దేశం వెళ్తే, ఇంటి తాళం స్నేహితుడికి ఇచ్చి వెళ్తాడు. ఆ స్నేహితుడి పెళ్ళాం పిల్లలు ఆ నెలల్లోనే విజిట్ మీద వస్తారు. వాళ్ళొచ్చేసరికి వీళ్ళు ఖాళీ చేస్తారు. మాకు దొరికింది ఒక మలయాళీ సహోద్యోగి ఇల్లు. పాపం, ఆ ఇల్లాలు ఎంత మంచిదో, వంటింట్లో ఒక అర నా కోసం ఖాళీ చేసి, కాగితం పరిచి మరీ వెళ్ళింది. ఇల్లంతా కొబ్బరినూనె వాసన. పోపు పెడితే నా పోపు కూడా కొబ్బరి వాసనే వేసేది. వాళ్ళ గిన్నెలు వాళ్ళవి, వాళ్ళ కొబ్బరి కోరుడు పీట వాళ్ళది, గోడ మీద వాళ్ళ పెళ్ళి ఫోటో. అత్తగారింట్లో కొత్తకోడలిలా ప్రతి వస్తువూ ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకునేదాన్ని. అందులోనూ వింతేమిటంటే, నేను ఒకప్పుడు కాపురమున్న ఇల్లు అక్కడికి రెండు వీధుల అవతలే ఉంది. అందులో ఇప్పుడు ఎవరో ఫిలిప్పీన్స్ వాళ్ళుంటున్నారు. వెళ్ళి చూడాలనిపించలేదు.

ఆ మొదటి శుక్రవారం ఈయన భోజనం కాగానే "పద, ఊరు చూపిస్తాను" అన్నారు.

నాకు చివుక్కుమంది. ఊరు చూపించడానికి నేనేమైనా కొత్తదాన్నా? కానీ చీర మార్చుకుని బయల్దేరాను. ముందుగా సముద్రం ఒడ్డు రోడ్డుకి తీసుకెళ్ళారు. అక్కడ అందరూ ఫోటోలు తీసుకునేది పెద్ద కాఫీ కూజా బొమ్మ దగ్గర, లేకపోతే ముత్యపుచిప్ప ఫౌంటెన్ దగ్గర. ఈయన ఆ రెండూ దాటించేసి, ఏమీ లేని చోట కారాపారు. పచ్చిక, ఈత చెట్లు, కొత్తగా పరిచిన రాళ్ళ బాట. కాసేపు నిలబడ్డాం. నా మొహంలోకి చూసి "ఎలా ఉంది?" అన్నారు. "శుభ్రంగా ఉంది" అన్నాను.

అక్కణ్ణుంచి ముషేరెబ్‌లోని కహ్రబా వీధికి. మన వాళ్ళ కొట్లూ హోటళ్ళూ అన్నీ ఆ చుట్టుపక్కలే. అక్కడ ఒక సెల్‌ఫోన్ల కొట్టు ఎదురుగా కారాపి ఇంజను కట్టేశారు. అద్దాల వెనక ఫోన్లు, రంగు దీపాలు, ఒక కుర్రాడు టై కట్టుకుని నిలబడ్డాడు.

"ఫోనేమైనా కొనాలా?" అన్నాను.

"లేదు. ఊరికే."

"ఊరికే ఫోన్ల కొట్టు ముందు కూర్చుంటారా ఎవరైనా?"

బెల్లం కొట్టిన రాయిలా స్టీరింగు పట్టుకుని కూర్చుని, మళ్ళీ నా మొహంలోకి చూశారు. నేను పక్క కొట్టు కిటికీలో గోంగూర కట్టలు చూస్తున్నాను. నిజం, గోంగూర! మా రోజుల్లో ఎండబెట్టిన గోంగూర పొట్లం కట్టుకుని ఊరినుంచి మోసుకొచ్చేవాళ్ళం. ఇప్పుడు విమానంలో వస్తోందిట, మంచు నీళ్ళు చల్లి పెట్టారు. గోంగూర కట్ట చూసి ఎవరైనా కళ్ళనీళ్ళు పెట్టుకుంటారా? నేను పెట్టుకున్నాను. నేను లేనప్పుడు ఈ ఊరు ఇన్ని సుఖాలు సమకూర్చుకుందా అని అసూయ. డిష్షుల్లో తెలుగు చానెళ్ళు, జేబుల్లో ఫోన్లు. మేమున్నప్పుడు ఊరికి ఫోన్ చేయాలంటే టెలిఫోన్ ఆఫీసులో క్యూ కట్టేవాళ్ళం, మూడు నిమిషాలు "హలో, వినపడుతోందా" అనుకోవడంతోనే అయిపోయేవి.

మూడోది మరీ విచిత్రం. పిరమిడ్‌లా కట్టిన పెద్ద హోటలు దాటి ఇంకా ముందుకెళ్ళి, కట్టడాల కోసం కంచె వేసిన స్థలం పక్కన ఆపారు. ఇసుక, సిమెంటు బస్తాలు, ఒక క్రేను.

"ఇక్కడ గాలి బాగుంటుంది," అన్నారు.

"గాలి పీల్చడానికి ఇంత పెట్రోలు తగలేయాలా?"

"ఇక్కడ నీళ్ళకంటే పెట్రోలే చవక."

"చాల్లెండి సంబడం" అని కారెక్కి కూర్చున్నాను. ఇంటికొచ్చాక వంటింట్లో తిరుగుతూ లోలోపల ఉడికిపోయాను. ఉండమనడం అటుంచి, నన్ను యాత్రికురాల్ని చేసి ఊరు తిప్పుకొచ్చారు. రెండు నెలలయ్యాక చుట్టాన్ని సాగనంపినట్టు సాగనంపుతారన్నమాట.

మర్నాడు పక్కింటావిడ వచ్చింది. నిజామాబాదు వైపు ముస్లిం అమ్మాయి, భర్త అదే ప్లాంటులో టెక్నీషియన్. ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడేది, నాతో తెలుగు. పెళ్ళయి వచ్చి మూడేళ్ళయినా ఇంకా కిలకిలా నవ్వే వయసు. షీర్ ఖుర్మా పాయసం గిన్నె నా చేతిలో పెట్టి, కూర్చోకముందే అడిగింది.

"అక్కా, సార్ టూర్ అయ్యిందా?"

"సార్ టూరేంటి?"

"గంతే అక్కా, అందరం గట్లనే అంటం. కొత్తగ ఎవలొచ్చినా శుక్రారం సారే తీస్కపోతరు. మమ్మల్ని గూడ తీస్కపోయిన్రు. మా మామ దేశం నుంచి వచ్చినప్పుడు ఆయన్ని గూడ. సముద్రం కాడ గడ్డిల నిలబెట్టిన్రా?"

"నిలబెట్టారు."

"ఫోన్ల దుకాణం ముంగట?"

"ఆగారు."

"ఆఖరుకు ఇసుక జాగల గాలి?" అంటూ చున్నీ నోట్లో కుక్కుకుని పడీ పడీ నవ్వింది. "మా ఆయన అంటడు, గా దుకాణం ముంగట ఏమున్నదో అల్లాకే ఎరుక అని. మేం పోయినప్పుడు గది ఫోన్ల దుకాణం గూడ గాదక్కా, బూట్ల దుకాణం. బూట్లు కొంటరేమో అనుకుంటే కొన్లే. బండ్లెనే కూసున్నరు."

నేనూ నవ్వాను. ఏం చేయను? కానీ ఆ అమ్మాయి వెళ్ళాక షీర్ ఖుర్మా తినకుండా మూత పెట్టేశాను. అంటే నాకు చూపించింది అందరికీ చూపించే ఊరే. నాకంటూ ప్రత్యేకంగా ఒక మలుపు కూడా తిరగలేదు. పుండు మీద కారం అంటే అదే. ఈయన ఏదో చేసినందుకు కాదు నా కోపం, ఏమీ చేయనందుకు.

అయినా ఆ రోజుల్లో బాగా గడిచిన పూటలు లేకపోలేదు. ఈయనకి వంట వచ్చేసింది! పెళ్ళయిన కొత్తలో గ్యాసు వెలిగించడం రానివాడు, ఇప్పుడు ఉల్లిపాయలు సన్నగా, ఒక్కలా తరిగి పెడుతుంటే నేను గడప దగ్గర నిలబడి చూశాను. ముద్దొచ్చారు, జాలీ వేసింది. "ఎవరు నేర్పారు?" అంటే, "ఆకలి" అన్నారు నవ్వుతూ. ఒక సాయంత్రం వాకింగుకి వెళ్తూ బ్యాచిలర్ బ్లాకు మీదుగా నడిచాం. ఆడవాళ్ళు లోపలికి రాకూడదు. రోడ్డు మీద నిలబడి "ఏది మీ గది?" అన్నాను. రెండో అంతస్తులో చివరి కిటికీ చూపించారు. ఏసీ పెట్టె, దాని కింద తీగ మీద రెండు బనియన్లు. నాకు తెనాలిలో మనుషుల మధ్య, పాప చదువుల మధ్య ఎనిమిదేళ్ళు ఎలా గడిచాయో తెలియలేదు. ఈయనకి ఆ ఒక్క కిటికీ. నాకు అక్కడే ఆయన చెయ్యి పట్టుకోవాలనిపించింది. వీధిలో బాగోదని ఊరుకున్నాను.

రోజులు దగ్గరపడ్డాయి. మలయాళీ వాళ్ళు వచ్చే తేదీ తెలిసింది. ఆ పొద్దున ఈయన టీ తాగుతూ, కప్పులోకి చూస్తూ అడిగారు.

"రిటర్న్ టికెట్ కన్ఫర్మ్ చేయించమంటావా?"

అప్పట్లో టికెట్ చేతిలో ఉన్నా సరిపోదు, ముందుగా ఎయిర్‌లైన్స్‌కి ఫోన్ చేసి వస్తున్నామని మళ్ళీ చెప్పాలి. చెప్పకపోతే సీటు పోతుంది. నా ప్రాణం ఉసూరుమంది. నోటిదాకా వచ్చింది, "వద్దండీ, నేను వెళ్ళను" అని. ఆ మాట మింగేసి, "చేయించండి" అన్నాను.

"సరే," అన్నారు.

చూశారా మా తెలివి! ఇద్దరు చదువుకున్నవాళ్ళం, కూతుర్ని ఇంజనీరింగులో చేర్పించినవాళ్ళం, ఇద్దరికీ నోళ్ళున్నాయి, మాటలు లేవు. నేను వంటింట్లోకెళ్ళి పరాయి వాళ్ళ గిన్నెలు ఠంగుఠంగున తోమాను.

ఆఖరి శుక్రవారం వచ్చింది. ఇక తాడోపేడో తేల్చుకుందామనుకున్నాను గానీ, తేల్చుకునే ధైర్యం లేక ఇంకో మాట అడిగాను.

"నేను మొదటిసారి వచ్చినప్పుడు మనం జ్యూసు తాగిన కొట్టుందే, అక్కడికి తీసుకెళ్ళండి. అదొక్కటి చూసి వెళ్ళిపోతాను. మీ గడ్డీ గాలీ అక్కర్లేదు నాకు."

ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఆగిపోయారు.

"దారి తెలుసా నీకు?" అన్నారు.

"తెలీకపోవడమేమిటి? నా మొహం! కళ్ళకి గంతలు కట్టినా వెళ్తాను."

"అయితే నువ్వే చెప్పు."

దోహాలో అప్పట్లో ఇంటి నంబర్లూ వీధి పేర్లూ పట్టించుకునే మనిషి లేడు. అన్నీ గుర్తులే. ఫలానా కొట్టు పక్క సందు, ఫలానా హోటలు ఎదురు మేడ, ఫలానా రౌండెబౌట్ దాటాక కుడి. మన తెలుగువాళ్ళం మరీను. ఎవరింటికి దారి చెప్పినా "మన చింతపండు దొరికే కొట్టు" అని మొదలుపెట్టేవాళ్ళం. నేనూ అలాగే మొదలుపెట్టాను. "తెలుగు కేసెట్ల కొట్టు దగ్గర ఎడమకి తిప్పండి." ఆ కొట్టు లేదు. "పోనీ, బొగ్గుల మీద కోళ్ళు తిప్పే హోటలు?" అక్కడ బ్యాంకు ఉంది. "కుట్టు మిషన్ల కొట్టు దాటాక." కుట్టు మిషన్ల కొట్టు ఉన్న వరసే పడగొట్టి కార్లు పెట్టుకునే స్థలం చేశారు. తిరిగిన చోటే తిరిగాం. ఈయన నేను ఎటంటే అటు తిప్పారు. రౌండెబౌట్‌లో రెండోసారి అదే పోలీసాయన కనిపించి మాకేసి అనుమానంగా చూశాడు.

నాకు కోపం, సిగ్గు, దుఃఖం అన్నీ కలిసొచ్చాయి.

"మీ ఊరు మీరే ఉంచుకోండి!" అని అరిచాను. "నాదంటూ ఒక్కటి మిగల్చలేదు. ఇల్లు లేదు, కొట్టు లేదు, దారి కూడా లేదు. నేనసలు ఇక్కడ బతికానా లేదా?"

అప్పుడాయన కారు ఒక సందులోంచి తీసుకెళ్ళి, ఒక కొట్టు ఎదురుగా ఆపి, ఇంజను కట్టేశారు. ఫోన్ల కొట్టు. టై కుర్రాడు.

"మళ్ళీ ఇక్కడికేనా!" అన్నాను.

"ఇదే," అన్నారు మెల్లగా. "నువ్వడిగిన కొట్టు ఇదే. జ్యూసు కొట్టాయన ఖాళీ చేశాక టైలరు వచ్చాడు, తర్వాత బూట్లు, ఇప్పుడు ఫోన్లు. మొన్న నిన్ను ఇక్కడికే తీసుకొచ్చాను. గుర్తుపడతావేమోనని చూశాను."

నేను తలెత్తి బోర్డు మీదుగా పైకి చూశాను. పై అంతస్తు బాల్కనీకి ఇనుప చువ్వలు, తుప్పు పట్టి, అక్కడక్కడా ఇంకా నీలం రంగు. ఆ రోజు జ్యూసు తాగుతూ నేను తలెత్తి చూసిన నీలమే అది.

ఎనభై నాలుగు. మేం వచ్చిన మొదటి శుక్రవారం. నారింజ రంగు టాక్సీ, నాలుగేళ్ళ పాప. సముద్రం ఒడ్డున అప్పుడు పచ్చికేదీ, ఉత్త రాళ్ళు. ఆ రాళ్ళమీంచి పాప చెప్పొకటి నీళ్ళల్లో పడింది, ఈయన ప్యాంటు మడిచి దిగి, జారిపడి, చెప్పు లేకుండా పైకొచ్చారు. తర్వాత ఈ కొట్టు. మూడు రంగుల జ్యూసు. పాప సగం తాగి మిగతాది నా పెళ్ళి పట్టుచీర మీద ఒలకబోసింది, నేను అందరి ముందూ భోరుమన్నాను. చీర కోసం కాదు. ఎండ, ఇసుక, ఒక్క మాటా అర్థంకాని మనుషులు, ఇక్కడ నేను చచ్చినా ఉండలేనని. కొట్టాయన, తెల్లగడ్డం యెమెనీ, "మాలేష్, మాలేష్" అంటూ, పర్లేదని ఓదారుస్తూ పాపకి ఇంకో గ్లాసు ఊరికే ఇచ్చాడు. ఆ ఏడుపు ఆగక, ఈయన టాక్సీని ఊరి చివరికి పోనిమ్మన్నారు. హోటలు దాటాక అప్పుడు మైదానమే, సముద్రం గాలి. అక్కడ దిగి, నా ఎదురుగా నిలబడి, చేతులు జోడించినంత పని చేసి అన్నారు: "ఒక్క ఏడాది ఉండి చూడు. నచ్చకపోతే వెళ్ళిపోదువుగాని."

నేను ఆరేళ్ళున్నాను.

"ఆ మూడూ చూపించారా నాకు?" అన్నాను.

"ఎవరొచ్చినా అవే చూపిస్తాను," అన్నారు. "ఒక్కణ్ణే వెళ్ళి ఫోన్ల కొట్టు ముందు కూర్చుంటే పిచ్చివాడనుకుంటారు కదా. అందుకని ఎవరైనా కొత్తవాళ్ళొస్తే బాగుండునని చూసేవాణ్ణి. వాళ్ళ పేరు చెప్పుకుని నేను వెళ్ళొచ్చేవాణ్ణి."

ఇప్పుడు చెప్పండి, ఈ మనిషిని ఏం చేయాలి? నేను ఏడ్చాను. ఎంత ఏడ్చానంటే, టై కుర్రాడు బయటికొచ్చి "మేడమ్, నయా మోడల్ ఆయా హై" అనబోయి, నా వాలకం చూసి, వెనక్కి నడుచుకుంటూ లోపలికెళ్ళిపోయాడు. వెనకనుంచి ఎవరో హారన్ కొట్టి "యల్లా! యల్లా!" అని, కదలమని అరుస్తున్నారు. ఈయన కదల్లేదు.

"మరి నన్ను ఉండమని ఎందుకడగలేదు?"

"ఒకసారి అడిగాను. ఏడుస్తున్నదానివి నా మాట మీద ఉండిపోయావు. నా మొహం చూసి ఉన్నావు తప్ప ఇష్టపడి ఉన్నావో లేదో నాకెప్పుడూ తెలీలేదు. తొంభైలో వెళ్ళాక తెనాలి నుంచి రాసే ఉత్తరాల్లో సంతోషంగానే కనిపించేదానివి. రెండోసారి ఏ మొహం పెట్టుకుని అడగను?"

"ఏడిసినట్టుంది మీ తెలివి!" అన్నాను. ముక్కు తుడుచుకున్నాను. నా పంతం ఆ వీధిలోనే వదిలేశాను, పోతే పోయింది. "వినండి. ఆ ఆరేళ్ళూ ఇష్టపడే ఉన్నాను. ఇప్పుడు వచ్చింది కూడా ఉండటానికే. మీరు అడగరు, నేను చెప్పను, ఇలాగే ముసలాళ్ళమైపోతాం. ఆ టికెట్ నాకొద్దు. నాకు మీరు కావాలి."

పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో అంత మాట నేను ఎన్నడూ అనలేదు. ఆయన జవాబు చెప్పాలి కదా? చెప్పలేదు! కారు స్టార్ట్ చేశారు. కహ్రబా వీధి దాటాం, ఊరు దాటుతున్నాం. అనకూడని మాట అన్నానేమోనని నాకు భయం పట్టుకుంది. మెసయీద్ రోడ్డు ఎక్కాల్సిన చోట ఎక్కకుండా మెసైమీర్ వైపు తిప్పారు. అది దోహాకి దక్షిణపు అంచు, మెసయీద్‌లో పనిచేసేవాళ్ళు కొందరు అక్కడ ఇళ్ళు తీసుకుని రోజూ వెళ్ళొస్తుంటారు. ఒక విల్లా ముందు ఆగాం. పక్కగోడకి చిన్న గేటు, దాని వెనక రెండు గదుల పోర్షన్.

కాపలా ముసలాయన, పెషావర్ మనిషి, ఈయన్ని చూడగానే నవ్వాడు. "సాబ్, ఫిర్ ఆ గయే?" అన్నాడు. మళ్ళీ వచ్చారా అని. అంటే ఇంతకుముందు వచ్చారన్నమాట, ఒక్కసారి కాదు. నేను ఈయన వైపు తిరిగాను. ఈయన నేలకేసి చూస్తున్నారు.

ముసలాయన తాళం తీశాడు. లోపల సున్నం వాసన. మనుషులు ఎవరూ మసలని ఇల్లు, ఎవరి ఫోటో లేని గోడలు. వంటింట్లో ఒక కిటికీ, దాంట్లోంచి పక్కింటివాళ్ళ బట్టలు ఆరేసిన తీగ కనిపిస్తోంది. ముసలాయన నన్ను ఎగాదిగా చూసి, ఈయన్ని అడిగాడు.

"మేడమ్ విజిట్ పే ఆయీ హై?"

"నహీ," అన్నారు ఈయన తన తెనాలి హిందీలో, గట్టిగా, నాకు ఎప్పుడూ వినిపించనంత గట్టిగా. "ఇధర్ హీ రహేగీ. మేరే సాథ్."

ఇక్కడే ఉంటుంది. నాతో.

నేను ఆ గచ్చు మీదే చతికిలబడ్డాను. కాపలాయన కంగారుపడి నీళ్ళు తేవడానికి పరుగెత్తాడు.

"ఆ ముక్క నాతో అనొచ్చుగా?" అన్నాను.

ఆయన నా పక్కనే గోడకానుకుని కూర్చున్నారు, ఇస్త్రీ ప్యాంటుకి సున్నం అంటుకుంటున్నా చూసుకోకుండా. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, వంటింటి వైపు చూస్తూ అడిగారు.

"పొయ్యి ఏ గోడకి పెట్టిద్దాం?"

"తూర్పు గోడకి," అన్నాను.